పెళ్లినాటి కొరమీను

మూట పడవలో పడింది. పడవ ఒకసారి అటూ ఇటూ ఊగి ఊరుకుంది.

"ఇంకేమన్నా ఉంటే ఇప్పుడే ఏరుకో," అంది ఇబేతోన్. "అది మర్చిపోయాను, ఇది మర్చిపోయానని మళ్లీ ఈ గుమ్మంలోకి రావొద్దు."

థారో నీళ్లమీద తేలే గుడిసె గుమ్మంలో నిలబడిపోయింది. చేతులకింకా బియ్యం కడిగిన తడి ఆరలేదు. అత్తగారు ఆ మూట ఎప్పుడు కట్టిందో ఆమెకి తెలీదు. మోయిరాంగ్ బజారులో చేపలమ్ముకుని, వచ్చి ఎసరు పెట్టేసరికి తన బట్టలూ, దువ్వెనా, పుట్టింటి దుప్పటీ ఒక పాత వలగుడ్డలో ఒదిగి కూర్చున్నాయి. ఏడాది కాపురం ఇంత చిన్న మూటలో పడుతుందని ఆమె అనుకోలేదు.

"ఇమా, అన్నం పొయ్యిమీద ఉంది," అంది. అమ్మనైనా అత్తనైనా వాళ్లు ఇమా అనే పిలుస్తారు. ఏమనాలో తెలియక ఆ మాట అంది.

"నువ్వు వండితే తినడానికి ఈ ఇంట్లో ఏం మిగిలిందని?"

నిన్న చుట్టు లాగారు. లోక్తాక్ సరస్సు మీద చుట్టు లాగడమంటే మెట్ట ఊళ్లలో కుప్ప నూర్చడం లాంటిది. నీళ్లమీద గడ్డిమేటలని గుండ్రంగా కట్టి, లోపల నెలల తరబడి తవుడూ చెక్కా వేసి, చేప చేరి బలిశాక చుట్టూ వల దించి లాగుతారు. చుట్టుపక్కల గుడిసెలవాళ్లంతా పడవలేసుకుని సాయం వస్తారు. నిన్న వచ్చినవాళ్లు బురదా, వేళ్లూ, గుప్పెడు పరిగెలూ చూసి, ఏమీ చూడనట్టు తలలు తిప్పుకుని పోయారు.

వల అడుగున బారెడు చిరుగుంది. ఆ సంగతి ఇబేతోన్‌కి వానలకి ముందే తెలుసు. తర్వాత చూద్దాంలే అన్నదీ ఆవిడే. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అన్నారా! ఇక్కడ కోడలు కొట్టను కూడా కొట్టలేదు. అయినా పెంకులన్నీ ఆమె ఒళ్లోనే పడ్డాయి.

ఆ చిరుగునే ఇప్పుడు థారో మొగుడు ఖోమ్దోన్ గుడిసె పక్కన కూర్చుని కుడుతున్నాడు. ఇబేతోన్ పెద్దకొడుకు. తల్లి మాటకి అడ్డు చెప్పడు, పెళ్లాం మాటకి బదులు చెప్పడు. ఖోమ్దోన్ అంత మంచివాడు లేడని సరస్సంతా చెప్పుకుంటారు. ఏమీ చెయ్యనివాణ్ణి మంచివాడనడం లోకానికి అలవాటే.

"నువ్వు చెప్పు," అంది థారో అతని వైపు తిరిగి. "నన్ను పొమ్మంటోంది. నువ్వేమంటావ్?"

సూది వలలోంచి దూరి ఇవతలికి వచ్చింది. మళ్లీ దూరింది.

"వాణ్ణేం అడుగుతావ్? నన్నడుగు," అంది ఇబేతోన్. "నువ్వొచ్చాక వాడికి జ్వరం. నువ్వొచ్చాక వానల్లో నీ కడుపు నిలవలేదు. నువ్వొచ్చాక చుట్టు ఎండింది. చేప చచ్చిన పెళ్లి ఇంతకంటే ఏం బాగుపడుతుంది!"

"వల చిరిగింది ఇమా. నేను చింపలేదు."

"చిరుగులు అందరి వలలకీ ఉంటాయి. అందరి చుట్లూ ఎండాయా?"

థారో కూడా ఆ మాట నమ్మింది. ఏడాదిగా నమ్ముతోంది. ఎందుకంటే ఆ చేప చావడం ఆమె కళ్లారా చూసింది.

అక్కడి ఆచారం ప్రకారం పెళ్లి రోజున పిల్లాడి తరఫునించి ఒకటి, పిల్ల తరఫునించి ఒకటి, బతికున్న కొరమీనుల్ని నీళ్లలో వదులుతారు. రెండూ పక్కపక్కన ఈదుకుంటూ పోతే కాపురం చల్లగా ఉంటుంది. థారో పెళ్లిలో ఒకటి తోకాడించి లోతుకి పోయింది. రెండోది పక్కకి ఒరిగి, తెల్లటి పొట్ట పైకి పెట్టి తేలింది. నీళ్లలోకి దిగాక ఏది ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? చావోబికి తెలిసింది. చావోబి ఇబేతోన్ చెల్లెలు, పిల్లాడి తరఫు చేపని నీళ్లలో వదిలిన మనిషి. "మాది పోయింది, వాళ్లది తేలింది," అని గట్టుమీదే తేల్చేసింది.

అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోక ఏం చేస్తారు? తరతరాలుగా నీళ్లమీద బతికేవాళ్లు తెచ్చిన చేప చస్తుందా? మెట్ట ఊరి రైతు మాంగి తెచ్చిందే చచ్చుంటుంది. మాంగి కూతురు థారో కూడా ఒప్పుకుంది.

మాంగి ఆ చేపని పొలం కాలవలో చేత్తో పట్టాడు. వారం పాటు కుండలో పెట్టి, పూటపూటా నీళ్లు మార్చి, కుండ పక్కనే పడుకున్నాడు. వానల్లో కడుపు పోయాక థారో పుట్టింటికి వెళ్లి, గుమ్మంలో నిలబడి, "చచ్చేదాన్ని తెచ్చి నా పెళ్లిలో వదిలావు కదా నాన్నా," అని అడిగింది. ఆ తర్వాత ఆమె ఆ గడప తొక్కలేదు. ఒక్కోరోజు ఆయన బజారుకి వచ్చి, దూరంగా నిలబడి చూసి పోతాడని పక్కన కూర్చునే చేపలావిడ చెప్పింది. థారో మాత్రం తలెత్తి చూడలేదు.

"ఎక్కడికి పొమ్మంటావు ఇమా?"

"మీ నాన్న దగ్గరికి. ఇంకెక్కడికి?"

"ఆయనతో నాకు మాటల్లేవని నీకు తెలుసు. ఎందుకు లేవో కూడా తెలుసు."

"అయితే కొత్తగా మొదలెట్టుకోండి. మధ్యలో నేనెందుకు?"

అప్పుడే యాయిమా పడవ వచ్చి ఆగింది. చిన్నకొడుకు. గుడిసె కింద పరచడానికి పచ్చిగడ్డి కోసుకొచ్చాడు. ఏటా కొత్త గడ్డి వెయ్యకపోతే కాళ్ల కింది ఫుమ్ది మెత్తబడిపోతుంది. వేళ్లూ గడ్డీ బురదా అల్లుకుని నీళ్లమీద తేలే నేల అది, దానికి మేత పెడుతూనే ఉండాలి.

"ఈ మూట ఎవరిది?" అన్నాడు.

"మీ వదినది," అంది తల్లి.

"పుట్టింటికా? మంచి రోజు చూశావు ఇమా. గాలి కూడా అటే ఉంది."

ఎవరూ నవ్వలేదు. యాయిమా వదిన మొహం చూశాడు. అన్న వంగిన తల చూశాడు. పడవ దిగకుండా అంచుమీదే కూర్చుని బీడీ తీశాడు గానీ వెలిగించలేదు.

"పొద్దున చావోబి పిన్ని కనిపించింది," అన్నాడు. "కూతురి పెళ్లికి కొరమీను పట్టిపెట్టమంది. మీ ఇంటి చేప తేలదురా, నువ్వే పట్టాలి అంది."

"పట్టిపెట్టు. అందులో ఏముంది?"

"చెయ్యి రావట్లేదు ఇమా."

"గడ్డి దింపు యాయిమా," అంది ఇబేతోన్. ఆ మాట మరీ తొందరగా వచ్చింది. "ఎండకి వాడిపోతోంది, దింపు."

థారోకి ఆ తొందర వినిపించింది. ఏడాదిగా అత్తగారి గొంతులో ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అని చెవులు రిక్కించి బతికిన మనిషి ఆమె.

"చెయ్యి ఎందుకు రావట్లేదు?" అని అడిగింది.

"నువ్వూరుకో," అంది ఇబేతోన్.

"నిన్ను కాదు ఇమా. యాయిమాని అడుగుతున్నా."

యాయిమా బీడీని వేళ్లమధ్య నలిపేశాడు. పొగాకు నీళ్లలో రాలింది.

"మీ పెళ్లికి చేప పట్టమని నాకే చెప్పారు వదినా. చేపలు పట్టే వెదురు మావులన్నీ పెట్టాను. రోజూ ఎత్తి చూశాను. గొరకలు పడ్డాయి, జెల్లలు పడ్డాయి. కొరమీను పడలేదు. పెళ్లి రేపనగా ఒకటి పడింది. గాలానికి పడింది."

ఖోమ్దోన్ చేతిలో సూది నెమ్మదించింది.

"మింగేసింది. గాలం గొంతులోకి పోయింది. లాగితే చస్తుందని నూలు కోసేసి అట్లాగే కుండలో వేశాను. బతికే ఉంది వదినా. తెల్లారేసరికి కూడా బతికే ఉంది. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నా."

పెళ్లిచేపకి ఇనుము తగలకూడదని నీళ్లమీద పుట్టిన పసిపిల్లకైనా తెలుసు.

"తేలింది మనది," అన్నాడు యాయిమా. "మీ నాన్న తెచ్చింది శుభ్రంగా ఈదుకుంటూ పోయింది."

"తాగొచ్చావా?" అని అరిచింది ఇబేతోన్.

"తాగుంటే ఎప్పుడో చెప్పేసేవాణ్ణి."

థారో అత్తగారి వైపు చూడలేదు. గొంతు చాలా మామూలుగా వచ్చింది, ఆమెకే వింతగా అనిపించింది. "మనదేనని ఎట్లా తెలుసు? నీళ్లలో రెండూ ఒకటేగా."

"చచ్చినదాన్ని కంటికి కనపడకుండా తీసెయ్యమన్నారుగా. తీసింది నేనే. ఇంటికి తెచ్చి అమ్మకిచ్చా. అమ్మే కోసింది. గాలం అమ్మే తీసింది."

పక్క గుడిసెలో ఎవరో పళ్లెం కడుగుతున్న చప్పుడు వినిపించింది. నీళ్లమీద ఇరుగుపొరుగంటే అంతే, ఒకరి పళ్లెం ఇంకొకరి చెవిలో మోగుతుంది.

ఇబేతోన్ చేతులు ఇంతవరకూ మంచి చేపని పారేసి ఎరగవు. బెస్త ఇంట పుట్టి, బెస్త ఇంట మెట్టి, ముంజేతి లావు కొరమీనుని కుళ్లబెట్టడం ఆవిడ వల్ల కాదు. ఆ రోజు పెళ్లివారు పడవలు దిగేలోపే దాన్ని కోసింది. గొంతులో గాలం తగిలింది. గాలం తీసి, వంకర సరిచేసి, గాలాల డబ్బాలో పడేసింది. దాన్ని కూడా పారెయ్యలేకపోయింది.

"ఆ చేప ఏమైంది?" అని అడిగింది థారో.

యాయిమా నీళ్లవైపు తిరిగాడు.

"నిన్నే యాయిమా."

"పొగలో ఎండబెట్టింది. పొయ్యి మీద అటకెక్కించింది. వానల్లో పడవ కదలని రోజులున్నాయి చూడు, అప్పుడు దించింది. అందరం తిన్నాం."

"నేను?"

"మిరపకాయలేసి నూరింది నువ్వే వదినా."

పెళ్లిచేపని తినకూడదు. అదీ పసిపిల్లలకి తెలిసిందే. వానల్లో థారోకి మూడో నెల. నోటికి ఏదీ సహించక, ఆ పచ్చడి ఒక్కటే రుచిగా ఉందని రెండోసారి అడిగి వేయించుకుంది. ఇంకాస్త వేసుకోవే అని వడ్డించింది ఇబేతోనే.

థారో గుమ్మం గుంజ పట్టుకుంది. చేపకీ కడుపుకీ లంకె ఉందో లేదో ఆమెకి తెలీదు, ఆస్పత్రిలో డాక్టరమ్మ రక్తం తక్కువని చెప్పింది. కానీ ఉందని ఏడాదంతా ఆమెని నమ్మించింది ఈ ఇల్లే.

"అవును, తెలుసు," అంది ఇబేతోన్. ఇక దాచి లాభం లేదని గ్రహించిన మనిషి గొంతు అది, అందుకే ఇంకా పెద్దదైంది. "తెలిస్తే ఏం చెయ్యమంటావ్? నలుగురిలో నిలబడి మా చేపే చచ్చిందని డప్పు కొట్టనా? ఈ యాయిమాకి పిల్లనెవరిస్తారు? మన చేప బజారులో ఎవరు ముడతారు? నీళ్లమీద బతికేవాళ్లకి చేప తప్ప ఇంకో పరువుందా? మీ నాన్నకి పొలముంది, పాడి ఉంది. ఒక చేప చచ్చిందంటే ఆయనకి పోయేదేముంది?"

"కూతురు పోయింది ఇమా."

ఇబేతోన్ చూపు పడవలోని మూట మీదికి పోయింది.

థారో మొగుడి దగ్గరికి నడిచింది. నాలుగు అడుగులకి నాలుగుసార్లు నేల దిగి లేచింది. ఖోమ్దోన్ సూదిని వలలో గుచ్చి వదిలేశాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నీకు తెలుసా?"

అతను వలవైపు చూశాడు.

"తెలీదని చెప్పు. చాలు. ఇప్పుడే ఆ మూట విప్పి లోపల పెట్టుకుంటా."

ఆమె ఎంత ఆశగా అడిగిందో యాయిమాకి అర్థమై తల దించుకున్నాడు.

"మొదట్లో తెలీదు," అన్నాడు ఖోమ్దోన్.

"మరి?"

"వానల్లో తెలిసింది. నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడు. అమ్మ ఏడ్చింది. ఏడుస్తూ చెప్పింది."

థారో అక్కడే కూలబడింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ప్రతి పున్నమికీ అతనే ఆమెని పడవలో సరస్సు నడిమధ్యకి తీసుకెళ్లాడు. పూలూ పళ్లూ దీపమూ నీళ్లలో వదిలి, "లోక్తాక్ తల్లీ, మా నాన్న తెలియక చేశాడు, ఆయన తప్పు నామీద ఉంచకు," అని ఆమె మొక్కింది.

"నేను మొక్కుతుంటే పడవ కదలకుండా పట్టుకున్నావు," అంది.

"రాత్రిళ్లు ఏడ్చేదానివి. మొక్కుకుంటే కాస్త మనసు కుదుటపడుతుందని..."

"ఎవరి మనసు?"

"థారో..."

"మా నాన్నని తిట్టి వచ్చానని చెప్తే, ఆ రోజు నాకు అన్నం కలిపి పెట్టావు. గుర్తుందా? తెలిసే పెట్టావా ఆ ముద్ద?"

మంచివాళ్లకి ఇలాంటిచోట మాట రాదు.

ఇబేతోన్ పడవ దగ్గరికి వెళ్లి, వంగి, మూట పైకి తీసింది. తెచ్చి కోడలి పక్కన పెట్టింది. "సరే. అయిందేదో అయింది," అంది. గొంతు తగ్గింది. "లేచి లోపలికి పద. అన్నం మాడుతోంది. నువ్వెక్కడికీ పోనక్కర్లేదు. వాళ్ల చేప చచ్చిందని ఈ ఇంట్లో ఇంకెవరూ నిన్ను అనరు. పూచీ నాది."

పొద్దున ఆ మాట అనుంటే థారో ఆవిడ కాళ్లమీద పడేది.

"ఉంటాను ఇమా. ఇక్కడే ఉంటాను," అంది. "కానీ చావోబి చిన్నత్త ఏ నోటితో మా నాన్న చేప తేలిందందో, ఆ నోటితోనే కాదని చెప్పాలి. మోయిరాంగ్ బజారులో, అందరూ కూర్చున్నప్పుడు. మా నాన్న చెవిన పడాలి."

"పిచ్చిదానిలా మాట్లాడకు. వారంలో దాని కూతురి పెళ్లి పెట్టుకుంది."

"అందుకే. ఆ పెళ్లికీ మన చేపేగా వెళ్తోంది."

"ఇంటి గుట్టు బజారున పెడతావా?"

"నా గుట్టు ఏడాదిగా బజారులోనే ఉంది. చేప చచ్చిన కోడలు అని నా తట్ట ముందు నిలబడి చెప్పుకున్నారు. నీ గుట్టు ఒక్కటేనా గుట్టు?"

"చావోబి నువ్వు చెప్పినా నమ్మదు."

"నమ్మకపోతే యాయిమా ఉన్నాడు. గాలం డబ్బాలో ఉంది."

"నేను చెప్పను," అంది ఇబేతోన్. "నన్ను నీళ్లలో ముంచినా చెప్పను. నా నోటితో నా కొడుకు చేతికి చెడ్డపేరు తేను."

"అయితే నేనే చెప్తాను."

"చెప్పి చూడు."

థారో లేచింది. గుడిసె ముందుకి, గడ్డి అంచు వరకూ వచ్చింది. కాలవంత నీటికి అవతల చావోబి గుడిసె. చావోబి చాపమీద చేపలు తిరగేస్తోంది. ఆవిడ చెవిన ఒక మాట పడితే సాయంత్రానికి బజారులో, మర్నాటికి గట్టు ఊళ్లలో ఉంటుంది. పెళ్లినాటి మాట మాంగి ఇంటి అరుగు దాకా వెళ్లింది కూడా ఆ దారినే.

"చిన్నత్తా!" అని పిలిచింది.

చావోబి నడుం నిటారు చేసింది. "ఏమే?"

"మా పెళ్లిలో నువ్వు వదిలిన..."

ఖోమ్దోన్ లేచాడు. తల్లి మూట విసిరినప్పుడు లేవలేదు. పొమ్మన్నప్పుడు లేవలేదు. నువ్వు చెప్పు అని పెళ్లాం అడిగినప్పుడు తలైనా ఎత్తలేదు. ఇప్పుడు మాత్రం రెండంగల్లో వచ్చి వెనకనుంచి ఆమె నోరు మూశాడు. గట్టిగా కాదు. బతిమాలుతున్నట్టు మూశాడు.

"వద్దు," అన్నాడు చెవిలో. "నీ కాళ్లు పట్టుకుంటా. వద్దు."

"తాదా, చెయ్యి తియ్యి," అన్నాడు యాయిమా పడవలోంచి. తమ్ముడు అన్నని ఆ గొంతుతో ఎప్పుడూ పిలవలేదు. "తియ్యి తాదా."

"వినపళ్లేదే!" అని కేకేసింది చావోబి. "పెళ్లంటున్నావ్, ఏంటీ?"

ఇబేతోన్ చకచకా ముందుకొచ్చి, కొడుకూ కోడలూ కనపడకుండా అడ్డంగా నిలబడింది. చెంగుతో మొహం తుడుచుకుంది. నవ్వింది కూడా.

"ఏం లేదే చావోబీ! నీ కూతురి పెళ్లి వంటకి ఎప్పుడు రమ్మంటావని అడుగుతోంది మా పిల్ల!"

"అదా! దానికింత కేకెందుకే? ఉండండి, నేనే వస్తున్నా. ఎట్లాగూ యాయిమాతో చేప సంగతి మాట్లాడాలి."

చావోబి చేతులు దులుపుకుని పడవలోకి దిగింది. కట్టు విప్పి, గెడ తీసుకుని, ఒక్క తోపు తోసింది.

ఆవిడ వచ్చేలోపు ఖోమ్దోన్ ఆ చెయ్యి తియ్యక తప్పదు. తీస్తే ఆమె ఏం చెప్తుందో అతనికి తెలుసు. కింద తన వేళ్లమీద పెళ్లాం కన్నీళ్లు వెచ్చగా పడుతున్నాయి. పడవ దగ్గరికొస్తోంది. అతనింకా తియ్యలేదు.